ఆపరేటరు ప్రస్తుతము ఉన్న స్థలము

...అలాగని ‘బల్ల మీద’ అని రాస్తే అబద్ధమేమీ కాదు. ఏడో గడి అడుగుతున్నది అదే కదా, ఆపరేటరు ప్రస్తుతము ఉన్న స్థలము. ప్రస్తుతము అంటే ఇప్పుడు. ఇప్పుడు తను ఉన్నది తరంగ అనుమతుల ప్రాంతీయ కార్యాలయం వరండాలో, ఒక కాలు పొట్టిదైన చెక్క బల్ల మీద. కానీ నిజంగా ఉన్నాడా? మోకాళ్ళు ఉన్నాయి. మోకాళ్ళ మీద ఫారం ఉంది. ఆలోచన మాత్రం పొద్దున్నుంచీ సాలూరులో అప్ప ఇంటి మేడ గదిలో, రేడియో సెట్టు చుట్టూ తిరుగుతోంది. చెవులు ఇంకా దూరం పోయాయి, సముద్రం దాటి పోర్ట్‌బ్లెయిర్ దాకా. ఇన్ని చోట్లకు చెదిరిన మనిషిని రెండంగుళాల గడిలోకి ఎలా పోగుచెయ్యడం? చిన్నప్పుడు బడిలో పేరు పిలిచినప్పుడు ‘హాజరండీ’ అనేవాడు. అలా అన్న ప్రతిసారీ చిన్న అనుమానం కలిగేది. ఆ అన్నది ఎవరు, హాజరైనది ఎవరు అని. అప్పట్లో ఆ అనుమానానికి ఫారం లేదు.

చివరికి ఏడో గడిలో మజ్జి భానోజీరావు ‘విశాఖపట్నం’ అని రాశాడు. రాసి, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు, పక్కనే చిన్న అక్షరాలతో ‘మరియు సాలూరు’ అని చేర్చాడు. తరువాత జరిగినదంతా ఆ ‘మరియు’ వల్లనే జరిగింది.

భానోజీరావుకి నలభై తొమ్మిదేళ్ళు. నీటి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం. పగలంతా ఊళ్ళ నుంచి వచ్చిన సీసాల్లోని నీళ్ళలో ఏమేం కలిశాయో చూసి రాస్తాడు. సాయంత్రాలకు మాత్రం అతనికి వేరే లోకం ఉండేది. పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, సొంత రేడియో సెట్టుతో తనలాంటి వాళ్ళతో ఊసులాడుకునే హామ్‌లలో అతనొకడు. ఇందులో లాభం లేదు, పేరు లేదు. గాలిలోకి ఒక పిలుపు వదిలితే ఎక్కడి నుంచో ఒక జవాబు వస్తుంది, అంతే. సాలూరులో ఉన్నన్నాళ్ళూ, అప్ప అని పిలిచే అక్క మేడ మీద ఏరియల్ తీగ కట్టుకుని హాయిగా గడిపాడు. ఎనిమిది నెలల క్రితం విశాఖపట్నం బదిలీ అయింది. ఇక్కడి అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు మేడ మీద తీగ కట్టనివ్వలేదు. తీగ ఉంటే పిడుగులు వస్తాయని కార్యదర్శి అన్నాడు. పావురాలు వస్తాయని కోశాధికారి అన్నాడు. పావురాలు తీగల మీద వాలతాయి గనక, పిడుగులు పావురాల మీద పడతాయి గనక, ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

అందుకని అతను మూడు ఆదివారాలు సాలూరు వెళ్ళి సెట్టు పక్కన ఒక చిన్న పెట్టె అమర్చాడు. దానికి ఇంటర్‌నెట్ కలిపాడు. ఇప్పుడు విశాఖపట్నంలో మంచం మీద కూర్చుని ఫోను తెర తాకితే సాలూరులో సెట్టు వెలుగుతుంది. అక్కడి తీగకు తగిలిన శబ్దం ఇక్కడ చెవిలో వినిపిస్తుంది. ఇక్కడ వేలు నొక్కితే అక్కడి నుంచి తరంగం బయలుదేరుతుంది. మొదట్లో మేడ మీద ఎవరూ లేకుండా దీపాలు వెలుగుతుంటే అప్ప పైడమ్మ నిమ్మకాయలు కట్టింది. తరువాత అలవాటు పడి, దీపం వెలగ్గానే ‘తమ్ముడొచ్చినాడు’ అనుకోవడం మొదలుపెట్టింది.

అంతా కుదిరింది. ఒక్క నెల గడిచాక భానోజీరావు తనంతట తానే ఆ సంగతి చెబుతూ కార్యాలయానికి ఉత్తరం రాశాడు. హామ్ మిత్రులు ముగ్గురు ఉంటే ముగ్గురూ వద్దన్నారు. అడగనంతకాలం నియమం ఉండదనీ, అడిగిన రోజే పుడుతుందనీ చెప్పారు. అతనికీ తెలుసు. కానీ అతని లోపల ఒకడున్నాడు. బడిలో మంచినీళ్ళు తాగడానికి కూడా చిటికెన వేలు ఎత్తి అనుమతి కోసం నిలబడే పిల్లవాడు. ఎవరూ చూడనప్పుడు చూసేవాడు వాడే. వాడికి సెలవుల్లేవు, బదిలీల్లేవు.

ఉత్తరానికి జవాబుగా నాలుగు నెలలకు ఫారం వచ్చింది. ఫారం పట్టుకుని అతను వచ్చాడు.

సూపరింటెండెంటు గౌరీపతిని డిప్యూటీ డైరెక్టరు గారు ఉన్నారా అని అడిగితే ఉన్నారన్నాడు. గది తలుపు తెరిచే ఉంది. లోపల కుర్చీ ఉంది, కుర్చీ వీపున తెల్లటి తువ్వాలు ఉంది. గంటా నలభై నిమిషాలు గడిచాయి. తువ్వాలు కదల్లేదు.

“ఇందాక ఉన్నారన్నారు” అన్నాడు భానోజీరావు మెల్లిగా.

“ఇప్పుడూ ఉన్నారు” అన్నాడు గౌరీపతి. “కనపడ్డం లేదంతే.”

డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారికి మూడు ప్రాంతాల అదనపు బాధ్యతలు ఉన్నాయట. మూడు కార్యాలయాల్లోనూ మూడు తువ్వాళ్ళు ఉన్నాయట. తువ్వాలు ఉన్నంతసేపూ సారు సీట్లో ఉన్నట్టేననీ, కాగితాలు ఆగవనీ గౌరీపతి వివరించాడు. భానోజీరావు ఆ మాటలో తన సమస్యకు ఏదో పరిష్కారం ఉన్నట్టు అనుకుని, అడగబోయి, మానేశాడు.

మధ్యాహ్నానికి వచ్చి కూర్చున్న పరాంకుశం గారు సన్నగా, మెత్తగా ఉంటారు. ఎవరినీ విసుక్కోరు. ఏడో గడి దగ్గర ఆయన వేలు ఆగింది.

“చూడండి భానోజీరావు గారూ, రూలు పొజిషన్ చాలా క్లియర్. లైసెన్సుదారు స్టేషను వద్ద స్వయముగా హాజరై ప్రసారము చేయవలెను. మీరు స్వయంగానే చేస్తున్నారా?”

“స్వయంగానేనండి.”

“స్టేషను వద్ద?”

“స్టేషను సాలూరులో ఉందండి. నేను ఇక్కడుంటాను.”

“మరి సాలూరులో సెట్టు నడిపేదెవరు?”

“నేనేనండి. ఇక్కణ్ణుంచి.”

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. ఇరవై ఆరేళ్ళుగా తీగల ఎత్తులూ, రుసుముల రసీదులూ తప్ప మరేమీ చూడని మనిషికి హఠాత్తుగా ఒక పెద్ద ప్రశ్న ఎదురుపడితే కలిగే వెలుగు ఉంది. “అంటే మీరు లేని చోట పని చేస్తున్నారు, ఉన్న చోట చెయ్యడం లేదు. బాగుంది. ఇది మామూలుగా తేల్చేసే విషయం కాదు. సానుకూలంగా పరిశీలిద్దాం” అన్నారు. సానుకూలంగా అన్న మాట విని గౌరీపతి కొత్త ఫైలు అట్ట తీశాడు.

పరిశీలన పూర్తయ్యే దాకా ఆపరేటరు స్థితి సందేహాస్పదం గనక ప్రసారం ఆపాలన్నారు. వినడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదనీ, ఎంతైనా వినవచ్చుననీ కాగితం మీద రాసిచ్చారు.

వారం తిరక్కుండా తనిఖీ అధికారి దండపాణి సాలూరు వెళ్ళాడు. ఆ సాయంత్రం అప్ప ఫోను చేసింది. వచ్చినాయన ఉప్మా తిన్నాడట. మేడెక్కి కుర్చీ కొలిచాడట. మోర్సు సంకేతాల చుక్కలూ గీతలూ కొట్టే ఇత్తడి మీట ఉంది కదా, దానికి గుడ్డ చుట్టి, లక్క అప్ప పొయ్యి మీదే కరిగించి, ముద్ర వేశాడట. మైకుకీ అంతే.

“నీ కుర్సీ నేపి సూసినాడు, కిందెట్టినాడు” అంది అప్ప. “కుర్సీలో నువ్వు నేవని రాసుకున్నాడు. నేడని నాను సెప్తే సరిపోద్ది కదా, అంత దూరం నుంచి రావాలేటి?”

నివేదిక ప్రతి భానోజీరావుకీ అందింది. ‘తనిఖీ సమయమున ఆపరేటరు కుర్చీ ఖాళీగా ఉన్నది. కుర్చీ పనిచేయు స్థితిలో ఉన్నది’ అని అందులో ఉంది.

చదువుతూ చదువుతూ అతనికి ఒక సంగతి తట్టింది. ఇంటర్‌నెట్ ద్వారా పంపేటప్పుడు ఆ ఇత్తడి మీటతో పనే లేదు. మీట ఫోను తెర మీద ఉంది. దండపాణి ముద్ర వేసినది వాడుకలో లేని వస్తువుకి. తెర మీద మీటకు లక్క అంటదు. అంటే తను ఇప్పటికీ పంపగలడు. ఎప్పుడంటే అప్పుడు. ఈ సంగతి తెలిశాక అతనికి సంతోషం కలగాలి. భయం వేసింది. ముద్ర ఆపుతోందనుకున్నంతసేపూ ఆ నిషేధం దండపాణిది. ముద్ర ఆపడం లేదని తెలిశాక అది తనదయింది.

భార్య హైమావతి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. విషయం విని, అలాగైతే నొక్కెయ్యండి, ఎవరు చూస్తారు అంది. ఎవరూ చూడరు అన్నాడతను. ఆ జవాబులో కష్టం ఎక్కడుందో ఆమెకు అర్థం కాలేదు.

*

సాయంత్రం ఆరింటికి తవిటయ్య పిలుస్తాడు.

తవిటయ్యది పుట్టుక శ్రీకాకుళం జిల్లా, బతుకు పోర్ట్‌బ్లెయిర్. ఓడల మరమ్మతు యార్డులో వైర్‌లెస్ మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇరవై రెండేళ్ళుగా రోజూ ఆరింటికి ఇద్దరూ గాలిలో కలుసుకునేవారు. ఒకసారి కూడా ముఖాలు చూసుకోలేదు. చూడాలని ఇద్దరికీ అనిపించలేదు కూడా. మాట్లాడిన సంగతులు ఏమిటంటే చెప్పడం కష్టం. అక్కడ వాన, ఇక్కడ ఉక్క, ఈ రోజు చేప ఏది దొరికింది, ఎవరి తీగ తెగింది. భానోజీరావు తన మనసులోని మాట ఇంట్లో కంటే ఆ వానల మధ్యే ఎక్కువ చెప్పుకున్నాడు.

ఆరు నెలల క్రితం తవిటయ్య గొంతుకి క్యాన్సరు వచ్చింది. స్వరపేటిక తీసేశారు. ఇంటికొచ్చిన మూడో రోజున ఆరింటికి సెట్టు పెట్టి మోర్సులో పిలిచాడు. అదే చెయ్యి. చివరి గీతను అవసరమైన దానికంటే కాస్త సాగదీసే అదే అలవాటు. పలికే గొంతుకి యాస ఉన్నట్టే కొట్టే చేతికీ ఉంటుంది, దానికి క్యాన్సరు అంటదు. ఆ రోజు అతను పంపిన మొదటి మాట ‘చేప తినొచ్చన్నారు’.

ఇప్పుడు రోజూ భానోజీరావు వింటున్నాడు. ఆరింటికి తవిటయ్య చుక్కలతో గీతలతో తన పేరు పిలుస్తాడు. మూడుసార్లు. ఆగుతాడు. రెండు నిమిషాలు గాలిలో చప్పుడు తప్ప మరేమీ ఉండదు. మళ్ళీ మూడుసార్లు. ఆరుంబావుకి సెలవు చెప్పి వెళ్ళిపోతాడు. వినడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

తవిటయ్య కూతురు సుగుణకు ఫోనులో సంగతి రాశాడు. సెట్టు చెడలేదనీ, ఫైలు కదులుతోందనీ నాన్నగారికి చూపించమన్నాడు. ఆమె నాలుగు రోజులు జవాబివ్వలేదు. ఇచ్చినప్పుడు ఇలా ఇచ్చింది: ‘చూపించాను అంకుల్. చదివి తల తిప్పేసుకున్నారు. పలక మీద రాశారు, వాడు వింటున్నాడు, వినేవాడి చప్పుడు నాకు తెలుస్తుంది, నా మాట పోయిందని విసుగేసింది వాడికి అని. అలా కాదని నేను చెప్పాను. ఫోనులో వద్దు, గాలిలో చెప్పమను అంటున్నారు.’

*

కార్యాలయంలో పని చురుగ్గా సాగింది. ఆపరేటరు స్థితి నిర్ధారణ సంఘం ఏర్పడింది. ఐదుగురు సభ్యులు. నెలన్నరలో మధ్యంతర నివేదిక ఇచ్చారు. అంత తొందరగా ఏ సంఘమూ ఏదీ ఇవ్వలేదని గౌరీపతి గర్వంగా చెప్పాడు. సారాంశం రెండు వాక్యాలు. ‘ఆపరేటరు ప్రసారము చేయు సమయమున సాలూరునందు ఉన్నట్లు భావింపవలెను. భావింపబడిన హాజరు హాజరుతో సమానము.’

భానోజీరావు లేచి నమస్కారం పెట్టాడు. పరాంకుశం గారు కూర్చోమని సైగ చేశారు. “ఇక దీని నుంచి పుట్టే చిన్న చిన్న విషయాలు ఉన్నాయి” అన్నారు.

మొదటి చిన్న విషయం, సాలూరులో ఉన్న మనిషి విశాఖపట్నంలో ఉండడానికి వీల్లేదు. కాబట్టి ఆ సమయంలో ఇంట్లో లేనట్టు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ కావాలి. ఆ కాగితం హైమావతి ముందు పెట్టడానికి అతను సిగ్గుపడ్డాడు. ఆమె చదివింది. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర వరకు నా భర్త ఇంట్లో ఉండరని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

“ఆరున్నర వరకేనా?” అంది. “పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనిదే చెప్తున్నాను. ఇన్నాళ్ళకి గవర్నమెంటు అడిగింది.” ఉన్న చోట సంతకం పెట్టి, తేదీ వేసి, లేచి వెళ్ళి పప్పులో ఉప్పు చూసుకుంది. ఆమె హాస్యమాడిందో లేదో అతనికి చాలాసేపు తెలియలేదు. తను ఆమెకు ఏ గడిలో దొరికేవాడు? బహుశా ఆమె కూడా కొన్నేళ్ళు ఆరింటికి పిలిచి, ఆగి, ఆరుంబావుకి మానేసి ఉంటుంది.

రెండో విషయం ప్రయాణం. ఐదున్నరకు విశాఖపట్నంలో ఉన్నవాడు ఆరింటికి సాలూరులో ఎలా ఉండగలడని న్యాయ సలహాదారు అడిగాడట. బస్సుకి మూడు గంటలు. కాబట్టి ఆపరేటరు మూడింటికి బయలుదేరినట్టూ, రాత్రి తొమ్మిదిన్నరకు తిరిగి వచ్చినట్టూ భావించాలి. మధ్యలో అతను ఎవరికీ దొరకకూడదు. అందుకు రుజువుగా రోజూ పోనూ రానూ బస్సు టిక్కెట్లు జతపరచాలి.

“ఎక్కక్కర్లేదు కదండీ?” అన్నాడు భానోజీరావు.

“ఎక్కితే మీరు నిజంగా సాలూరు వెళ్ళిపోతారు” అన్నాడు గౌరీపతి ఓపిగ్గా. “అప్పుడిక దూరం నుంచి నడిపే అనుమతి ఎందుకు?”

మూడో విషయం కుర్చీ. ఖాళీగా ఉన్నట్టు నివేదికలో ఉంది. హాజరు భావించాలంటే భావించడానికి కుర్చీలో ఏదో ఒకటి ఉండాలి. తువ్వాలు సరిపోతుందేమోనని భానోజీరావు ధైర్యం చేసి అడిగాడు. పరాంకుశం గారు మొదటిసారి నొచ్చుకున్నారు. తువ్వాలు పదవికి సంబంధించినదనీ, ప్రైవేటు వ్యక్తులకు వర్తించదనీ చెప్పారు. ఆపరేటరు నడుము పైభాగం ఫొటో, గెజిటెడ్ అధికారి సంతకంతో, కుర్చీలో నిలబెట్టాలని తేల్చారు.

ఇవన్నీ ఒక వారం అమలు చేసి చూపిస్తే అనుమతి మీద ఆలోచిస్తామన్నారు. దానికి నమూనా వారం అని పేరు. ఆ వారంలో ప్రసారం మాత్రం చెయ్యకూడదు.

భానోజీరావు ప్రయోగశాలలో ఆరు పూటలు సగం సెలవు పెట్టాడు. మొదటి రోజు రెండున్నరకు బస్టాండులో సాలూరుకి ముందే టిక్కెట్టు కొని, బస్సు పక్కన నిలబడ్డాడు. పేర్లు సరిచూసుకుంటున్న కండక్టరు ఎక్కమన్నాడు. ఎక్కనన్నాడు. ఎవరికోసమైనా చూస్తున్నావా అని అడిగాడు. లేదన్నాడు. మనిషి టిక్కెట్టు కొని, బస్సు ముందు నిలబడి, ఎక్కనంటే అది కండక్టరుకి కూడా ఒక తాత్త్విక సమస్యే. బస్సు నాలుగు నిమిషాలు ఆపాడు. “ఏటి బాబూ, ఇంట్లో గొడవేటి?” అని నెమ్మదిగా అడిగాడు. కిటికీల్లోంచి చూస్తున్న ఇద్దరు ముగ్గురు దిగి, ఏ గొడవైనా సర్దుకుంటుందని భుజం మీద చెయ్యేశారు. మరునాటి నుంచి అతను టిక్కెట్టు ఫోనులోనే కొన్నాడు.

మూడు నుంచి తొమ్మిదిన్నర దాకా చివరి గదిలో తలుపు వేసుకుని కూర్చునేవాడు. ప్రయాణంలో ఉన్నవాడికి ఇంట్లో భోజనం పెట్టవచ్చా అని ముందే అడిగి ఉంచాడు. బస్సు ఆగే చోట్ల తినవచ్చునని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. హైమావతి బడి నుంచి రాగానే తలుపు తట్టేది.

“విజయనగరం వచ్చిందా? టీ పెట్టాను.”

మొదటి రెండు రోజులు అది ఎగతాళి. మూడో రోజు ఆమె తనకూ ఒక కప్పు తెచ్చుకుని, విజయనగరంలో పది నిమిషాలు ఆగుతుంది కదా అని మంచం అంచున కూర్చుంది. ఇద్దరూ టీ తాగారు. కిటికీ అవతల ఎవరిదో బండి స్టార్టయ్యే చప్పుడు వినిపించగానే, “మీ బస్సు” అని కప్పులు తీసుకుని లేచింది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఇద్దరూ కలిసి చేసిన ప్రయాణాల్లో ఇదే బాగున్నదని అతనికి అనిపించింది. ఆ సంగతి చెప్పాలనుకున్నాడు. అప్పటికి బస్సు కదిలిపోయింది.

ఆరింటికి సాలూరు చేరి, విన్నాడు. మూడుసార్లు. రెండు నిమిషాలు. మూడుసార్లు. పిలుపు నెమ్మదించింది. చివరి గీత సాగడం లేదు.

నాలుగో రోజు అప్ప ఫోను. ఫొటో కుర్చీలో పెట్టిన మధ్యాహ్నమే పక్కింటావిడ మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి వచ్చి చూసిందట.

“వీదంతా వొచ్చీసినారు పరామర్సకి” అంది అప్ప. “ఎలా పోనాడని అడిగినారు. పోనేదు, ఆపీసోలు కుర్సీలో ఎట్టమన్నారని సెప్పినాను. అయ్యో పైడమ్మకి మతి సెడిపోనాదని నాకే మజ్జిగ తాగించినారు. ఎవులో దండ కూడా ఏసీసినారు. తియ్యమంటావా, ఉంచమంటావా?”

దండ తీస్తే ఫొటో స్థితి మారుతుందేమోనని భానోజీరావుకి అనుమానం వచ్చి, గౌరీపతిని అడిగాడు. తనిఖీ అయ్యేదాకా ఏదీ కదపవద్దన్నాడు. దండపాణి మళ్ళీ వెళ్ళి చూసి, ‘కుర్చీ నిండుగా ఉన్నది. ఆపరేటరు ముఖకవళికలు లైసెన్సులోని ఫొటోతో సరిపోయినవి. మెడలో పూలదండ ఉన్నది. ఆపరేటరు ఎటువంటి అభ్యంతరము తెలుపలేదు’ అని రాశాడు.

*

తుది సమావేశం బుధవారం నాలుగింటికి. ఆ మధ్యాహ్నం సుగుణ నుంచి సందేశం వచ్చింది. మళ్ళీ గడ్డ కనపడిందట. రేపు పొద్దున్న విమానంలో చెన్నై తీసుకెళ్తున్నారట. ‘ఎప్పుడు తిరిగొస్తామో డాక్టరు చెప్పలేదు అంకుల్. ఈ సాయంత్రం సెట్టు పెడతానంటున్నారు. తరువాత తీగ దించెయ్యమన్నారు.’

భానోజీరావు ఆ సందేశం మూడుసార్లు చదివాడు. ఈ రోజు అనుమతి వస్తే ఆరింటికి జవాబివ్వవచ్చు. నాలుగు నుంచి ఆరు దాకా రెండు గంటలు ఉంది. రెండు గంటల్లో ఒక సంతకం పడదా అనుకున్నాడు. అలా అనుకున్నది లోపలివాడే. చిటికెన వేలు ఇంకా ఎత్తే ఉంచాడు.

సమావేశ మందిరంలో ఐదు కుర్చీలు. పరాంకుశం గారు, న్యాయ సలహాదారు స్వయంగా వచ్చారు. మిగతా మూడు కుర్చీల మీద మూడు తువ్వాళ్ళు ఉన్నాయి. ఐదుగురూ హాజరని గౌరీపతి నమోదు చేశాడు. భానోజీరావు ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకోవచ్చా అని అడిగాడు. వినడానికి అనుమతి అక్కర్లేదు గనక అభ్యంతరం రాలేదు. ‘దరఖాస్తుదారు ఒక చెవితో హాజరు’ అని అదీ నమోదైంది.

నమూనా వారం నివేదిక చదివేసరికి ఐదయింది. క్రమశిక్షణకు భానోజీరావును అభినందించారు. టిక్కెట్లు సరిచూశారు. గురువారం నాటి టిక్కెట్టు మీద సీటు సంఖ్య స్పష్టంగా లేదని తేలింది, అతను ఏ సీట్లో కూర్చోలేదో నిర్ధారించడానికి పది నిమిషాలు పట్టింది. భార్య ధ్రువీకరణను చదివినప్పుడు న్యాయ సలహాదారు కదిలిపోయాడు. ఇంత నిస్సంకోచమైన వాంగ్మూలం తన సర్వీసులో చూడలేదన్నాడు.

ఐదుంబావుకి అంతా పూర్తయినట్టు కనిపించింది. పరాంకుశం గారు ఉత్తర్వు చిత్తుప్రతి ముందుకు లాగారు. అప్పుడు న్యాయ సలహాదారు గొంతు సవరించుకున్నాడు.

“ఒక్క పాయింటు. ఆపరేటరు సాలూరులో ఉన్నట్టు భావించాం. బాగుంది. కానీ నొక్కే వేలు విశాఖపట్నంలో ఉంది. మనిషి అక్కడ, వేలు ఇక్కడ. అలాంటప్పుడు ఈ వేలు ఎవరిది?”

అందరూ, తువ్వాళ్ళతో సహా, భానోజీరావు కుడి చేతి వైపు చూస్తున్నట్టు అనిపించింది. అతను కూడా చూసుకున్నాడు. చూపుడు వేలి గోరు పక్కన ప్రయోగశాల రసాయనం మరక ఉంది. చిన్నప్పుడు బడిలో ఎత్తింది ఇది కాదు, దీని చివరి తోబుట్టువు, చిటికెన వేలు.

వేలు మనిషిలో భాగమా, యంత్రంలో భాగమా అన్నదాని మీద చర్చ నడిచింది. యంత్రభాగమైతే దానికి విడిగా దిగుమతి అనుమతి కావాలని ఒక వాదన వచ్చింది. మనిషి భాగమైతే మనిషి రెండు చోట్ల ఉన్నాడని ఒప్పుకోవాలి, అప్పుడు రెండు లైసెన్సులు కావాలి. తన వేలు గురించి తనను ఒక్కమాట అడుగుతారేమోనని భానోజీరావు చూశాడు. దరఖాస్తుదారు అభిప్రాయం తీసుకునే నిబంధన లేదు.

ఐదు యాభై ఐదుకి పరాంకుశం గారు తేల్చారు. “విషయం మన స్థాయి దాటింది. వేలి స్థితి గురించి పై కార్యాలయానికి రాద్దాం. తొమ్మిది నెలల్లో, మహా అయితే ఏడాదిలో స్పష్టత వస్తుంది. నిరుత్సాహపడకండి భానోజీరావు గారూ. మీ కేసు దేశానికే దారి చూపుతుంది.”

ఇయర్‌ఫోనులో గాలి చప్పుడు. అందులోంచి, చాలా దూరం నుంచి, సన్నగా, తన పేరు.

గౌరీపతి ఒక కాగితం అతని ముందు పెట్టాడు. తుది ఉత్తర్వులు వెలువడు వరకు నేను ఏ విధమైన ప్రసారము చేయక మౌనముగా ఉందునని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను. పరాంకుశం గారు తన సొంత పెన్ను మూత తీసి మర్యాదగా అందించారు.

రెండోసారి. చుక్కల మధ్య ఖాళీలు ఎక్కువయ్యాయి. మూడోసారి. ఆ తరువాత ఆగాడు.

రెండు నిమిషాలు మొదలయ్యాయి.

భానోజీరావు పెన్ను తీసుకున్నాడు. తారీఖు వేశాడు. పేరు రాసే చోట కాగితం మీద పెన్ను ఆనించాడు. లోపలివాడి కోసం చూశాడు. ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాడు, చిటికెన వేలు ఎత్తి, నిక్కర్లో, దాహంతో. ఎవరూ చూడకపోతే ఇంకా ఎన్నేళ్ళయినా అలాగే నిలబడతాడు. ముసలివాడైపోయాడని వాడికి తెలియదు. పాపమనిపించింది. ఇన్నేళ్ళలో వాడి మీద కోపం, భయం కలిగాయి గానీ పాపమని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

“ఇక్కడ” అన్నారు పరాంకుశం గారు, సంతకం చోటు చూపిస్తూ. “ఇక్కడ పెట్టండి.”

చెవిలో చప్పుడు. ఒకటిన్నర నిమిషం అయి ఉంటుంది. ఆ చప్పుడులో అవతల ఒకడు పలక ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, వింటున్నాడు. వినేవాడి చప్పుడు భానోజీరావుకి కూడా తెలుస్తుంది.

అతను పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. జేబులోంచి ఫోను తీసి, కాగితం మీదే పెట్టి, అందరూ చూస్తుండగా, మరక ఉన్న వేలితో మీట నొక్కాడు.